చెంగమ్మ తుపాకీ

పుత్తూరు

చిన్నాయనకు నమస్కారం.

మీ కొత్త ఇంటి హాల్లో తాత ఫొటో కింద తగిలించడానికి తుపాకీ పంపమన్నారు. పంపను.

తాత దాన్ని బర్మా యుద్ధంలో శత్రువు చేతిలోంచి లాక్కున్నాడని మీరు అందరికీ చెబుతున్నారు. మొన్న కిరోసిన్‌తో తుప్పు తుడిస్తే ఇనుము మీద 1949 అని కనిపించింది. అప్పటికి తాత పటాలం వదిలి వచ్చి మూడేళ్లయింది. లైసెన్సు పని మీద చిత్తూరు వెళ్లినప్పుడు తుపాకుల షాపాయనకు చూపించాను. అది మన దేశంలోనే తయారైందని, సైన్యం అక్కర్లేదని అమ్మేసిన వాటిలో ఒకటని చెప్పాడు.

మరి కొన్నదెవరని మీ అక్క మునెమ్మత్తను అడిగాను.

"ఇంకెవురు, మా యమ్మే. మీ తాత దాన్ని ముట్టిందే లేదు. యుద్ధం నుంచి వచ్చినాక టపాకాయ పేలినా వణికిపోతా ఉండె. శనక్కాయ సేన్లో అడివి పందులకు కావలుండింది మా యమ్మే" అంది.

ఈ సంగతి మీకూ తెలుసు. "ఆడదాని పేరు సెప్తే మన పరువేం గావాల?" అని ఫోన్లో నన్నే గద్దించారు. ఆ పంటతోనే మీరు చదువుకున్నారు చిన్నాయనా.

గృహప్రవేశానికి వస్తాను. తుపాకీ గురించి ఎవరడిగినా మా అవ్వ చెంగమ్మ పేరే చెబుతాను. నన్ను బయటికి పంపాలనుకుంటే, అందరి ముందే పంపండి.

మీ అన్న కూతురు