తొమ్మిది రోజుల నీటిమట్టం

మార్చి 4, బుధవారం

డీజిల్ కోసం మూడు గంటలు క్యూలో నిలబడ్డాను. రెండు లీటర్లే ఇచ్చారు. మనకు సముద్రం లేదు. ఏది రావాలన్నా నదికి దిగువనున్న దేశం రోడ్డు మీదే రావాలి. ఆ రోడ్డు మూసి నేటికి పంతొమ్మిది రోజులు. మన డ్యామ్ వల్లే తమ వైపు నది ఎండిపోయిందని వాళ్ళ వాదన. నీళ్ళు వదిలితే లారీలు వదులుతారట. క్యూలో నా ముందున్న టైలరు, నదిని కూడా బోర్డరులో ఆపి కాగితాలు అడగమనండి అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఓపిక లేదు.

మార్చి 6

మనవరాలు వచ్చింది. నదుల శాఖలో పని. చెప్పులతో వంటింట్లోకి రాబోతే వెనక్కి పంపాను. ఆ దేశంతో చర్చల్లో పెట్టడానికి నా పాత రిజిస్టర్లు కావాలంది. ముప్పై ఒక్క ఏళ్ళు రోజూ ఉదయం ఆరింటికి వంతెన కింది స్కేలు చూసి నీటిమట్టం రాసింది నేనే. ఆఫీసు కాపీలు చెదలు తినేశాయట. డ్యామ్ కట్టక ముందే, తను పుట్టిన ఏడాది, నది అడుగంటిందని చూపడానికి నా రిజిస్టరు ఒక్కటే దిక్కు.

ఒక సంతకం కూడా కావాలంది. ప్రతి అంకెనూ కళ్ళారా చూసి రాశానని. కళ్ళజోడు కనబడటం లేదన్నాను. అది నా నెత్తి మీదే ఉంది. తను చూసింది, కాగితం బల్ల మీద పెట్టింది.

మార్చి 7

సంతకం చేయలేదు.

మార్చి 8

మనవరాలు పుట్టిన ఏడాది మే 11 నుంచి 19 దాకా నేను స్కేలు చూడలేదు. మా అమ్మాయికి పురుడు కష్టమైందని కబురొస్తే పట్నం ఆస్పత్రికి పరిగెత్తాను. పని ఎవరికీ అప్పగించలేదు. వేరేవాళ్ళయితే తప్పు రాస్తారని నా గీర. వెళ్ళేముందు 58 సెంటీమీటర్లు, వచ్చాక 38. మధ్యలో తొమ్మిది గళ్ళూ రోజుకి రెండు చొప్పున తగ్గిస్తూ నింపేశాను. నది అలాగే తగ్గిందేమో. నేను చూడలేదు. కూడికలో ఒక్క అంకె తప్పితే మనవరాలి చేత పేజీ మొత్తం మళ్ళీ చేయించినదాన్ని.

మార్చి 9, ఉదయం 7

చెప్పేశాను. మనవరాలు టీ గ్లాసు పక్కకి జరిపింది.

"అయితే అమ్మమ్మా, నేను పుట్టడమే దొంగ లెక్కన్నమాట" అంది.

ఇంకెవరికైనా తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. అలాగైతే సంతకం పెట్టేయమంది. ఆస్పత్రి జనరేటరుకి వారం రోజుల డీజిలే ఉందట. తొమ్మిది గళ్ళ కోసం ఊరిని ముంచుతావా అంది. ఏ నదీ రోజుకి సరిగ్గా రెండు సెంటీమీటర్లు తగ్గదని, అది వాళ్ళ ఇంజనీర్లకు తెలుసని అన్నాను. పట్టుబడితే ముప్పై ఒక్క ఏళ్ళ లెక్కలూ పోతాయి.

కాగితంలో "ఆ తొమ్మిది రోజులు తప్ప" అని చేర్చి సంతకం పెట్టాను. తీసుకుని వెళ్ళిపోయింది. టీ తాగలేదు.

మార్చి 14

మీటింగులో నా కాగితం తనే పైకి చదివిందట. ఆ ఏడాది మొత్తం కొట్టేశారు. మిగతా ముప్పై ఏళ్ళూ ఒప్పుకున్నారు. ఎండాకాలం నీళ్ళలో మనవాళ్ళు నూటికి నలభై అడిగితే ముప్పై మూడు వచ్చింది. ఆ ఏడు పాళ్ళు ఎవరికి తగ్గుతాయో నాకు తెలుసు, కాలువ చివరి పొలాలవాళ్ళకి. రోడ్డు తెరిచారు. ఆస్పత్రికి ట్యాంకరు చేరింది.

మార్చి 23

మనవరాలికి ట్రాన్స్‌ఫర్. నది లేని జిల్లా. అక్కడ నదుల శాఖకి ఏం పనో ఆర్డరులో రాయలేదు. నన్ను తనతో వచ్చేయమంది. సరేనన్నాను.