మీ నాన్నగారి కారులో ఒక్క పన్ను తేడా

శ్రీమతికి,

నీ కోపిష్టి మొగుడు రాస్తున్నాడు. నేను బాగున్నాను. మీ నాన్నగారూ బాగున్నారు. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన చూసి నవ్వుకుంటున్నావని తెలుసు, నవ్వుకో. అక్కడ నువ్వు కూడా ఒంట్లో కులాసాగా, అంత ఎత్తు క్రేను గదిలో కళ్ళు తిరగకుండా ఉన్నావనే అనుకుంటున్నాను.

ముందు నువ్వడిగినవి. కుళాయి కారడం ఆగింది, నేనే వాషర్ మార్చాను. పక్కింటి పిల్లి మళ్ళీ నీ నీలం దుప్పటి మీదే పడుకుంటోంది. తరిమితే నామీదే గుర్రుమంటుంది. నువ్వు లేని ఇంట్లో నా పరువు అంత మాత్రం. మీ శిక్షణ మేస్త్రీ "ఆడపిల్లవి, లివర్ మెల్లగా పట్టుకో" అన్నాడని రాశావు. చదవగానే నా ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాతి వాక్యంలో నువ్వు క్రేనుతో పెట్టెని గీత మీద వెంట్రుకవాసి తేడా లేకుండా దించేసరికి వాడే వంగి కొలిచి చూసుకున్నాడని ఉంది. ఆ ముక్క గ్యారేజీలో అందరికీ చదివి వినిపించాను, రెండుసార్లు.

ఇక అసలు ప్రశ్న. "సెలవుకి వస్తే మన గదిలో దిగాలా, నాన్న ఇంట్లో దిగాలా? మీరిద్దరూ ఇలా ఎడమొహం పెడమొహంగా ఉంటే నా సెలవంతా బస్సుల పాలే. నాన్నతో కొత్తగా గొడవేం పెట్టుకోలేదు కదా?" అన్నావు.

పెట్టుకున్నాను. కూర్చుని చదువు.

పోయిన వారం మీ నాన్నగారు తన పాత కారు వేసుకుని మా గ్యారేజీకి వచ్చారు. అదే, ఆయన డ్రైవింగ్ స్కూలు మొదలుపెట్టిన కారు, పక్క సీటువాళ్ళ కాళ్ళ దగ్గర కూడా బ్రేకు ఉంటుందే, అది. పాత కార్లవాళ్ళంతా కొండరోడ్డు మీద పెట్టుకునే పరుగులో ఈసారి ఆయనా దిగుతారట. పోయినసారి చూడ్డానికి వెళ్తే స్నేహితుడెవరో "నీ బండి కొండెక్కాలంటే వెనక నుంచి తొయ్యాలి" అన్నాడట. ఆ పౌరుషంతో కొత్త కామ్‌షాఫ్టొకటి కొని, పసిపిల్లని తెచ్చినట్టు తువ్వాలులో చుట్టి తెచ్చారు.

"ఇది వెయ్యాలమ్మా," అన్నారు బోల్టక్కతో. నేను పక్కనే ఉన్నాను. నన్ను చూడనైనా చూడలేదు.

మా యజమానురాలు నీకు తెలుసుగా, బోల్టు బిగించినట్టే మాట్లాడుతుంది. బొటనవేలితో నన్ను చూపించింది. "ఇంజిన్ పని వాడిది. వాడితో మాట్లాడండి. కరవడు."

"కరుస్తాడనే విన్నాను," అన్నారు మీ నాన్న.

నేను మర్యాదగానే మొదలుపెట్టాను, ఒట్టు. "కామ్‌షాఫ్టు ఒక్కటే తెచ్చారేం? చైన్ ఏదీ? టెన్షనర్, గైడ్లు ఏవీ?"

"ఉన్నవి చాలు."

"చాలవు."

"నా కారు సంగతి నాకు తెలీదా? కంటికి రెప్పలా చూసుకున్నా."

"రెప్ప లోపల ఏం అరిగిందో మీకు కనిపించదు మామయ్యా."

నీకూ చెప్తాను, మళ్ళీ ఆయన పక్షం మాట్లాడకుండా. కామ్‌షాఫ్టంటే ఇంజిన్ పైన తిరుగుతూ వాల్వుల్ని తెరిచే కడ్డీ. కింద పిస్టన్లు ఆడుతుంటాయి. పైదీ కిందదీ తాళం తప్పకుండా కలిపి తిప్పేది టైమింగ్ చైన్. అది వదులు కాకుండా టెన్షనర్ నొక్కి పడుతుంది, పక్కకి పోకుండా గైడ్లు కాస్తాయి. ఈ కొత్త కడ్డీ వాల్వుల్ని ఇంకా లోతుకి దింపుతుంది, ఇంజిన్ ఎక్కువ గాలి పీల్చాలి కదా. తాళం కాస్త తప్పిందంటే వాల్వు పోయి పిస్టన్‌ని గుద్దుతుంది. సాగిపోయిన చైన్‌తో ఆ పని చేయడమంటే తెగే తాడు కట్టుకుని నూతిలోకి దిగడమే.

"ఇదంతా ఏ కాలేజీలో చదివావయ్యా?" అన్నారు, ఆ దీర్ఘం తీసే గొంతుతో.

"తుక్కు కొట్టులో. చచ్చిన ఇంజిన్లు విప్పితే అవే చెప్పాయి, ఎందుకు చచ్చామో."

అంతటితో ఊరుకోవాల్సింది. ఊరుకుంటే నేనెందుకవుతాను! పానా పళ్ళెంలోకి విసిరేసి, "పాత చైన్‌తో ఈ పని చెయ్యను. కావాలంటే తోసుకుపోండి, మీకు తోయించుకోవడం అలవాటేనటగా!" అనేశాను. అప్పుడు నీ మొహం గుర్తొచ్చింది. అయిపోయింది, ఇక ఈ జన్మలో ఈయన నా గడపా, నేను ఈయన గడపా తొక్కేది లేదు అనుకున్నాను.

బోల్టక్క టీ గ్లాసు కింద పెట్టింది. "ముందు ఇంజిన్ ముందరి కవరు విప్పి చూడండి ఇద్దరూ. తర్వాత కొట్టుకుందురు గాని, బయట బోలెడు చోటుంది."

విప్పాను. ఒక గైడు నిలువునా పగిలి ఉంది. దాని ముక్క ఊడి కింద నూనె తొట్టిలో పడింది. చైన్ పక్కకి జరిగి లోహాన్ని రాసుకుంటూ గాడి పెట్టింది. మీ నాన్నగారు ఆ ముక్కని తీసి తువ్వాలుతో తుడిచి, అరచేతిలో పెట్టుకుని, రాలిన పంటిని చూసినట్టు చూశారు. చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

రారనుకున్నాను. భోజనాల వేళ దాటాక వచ్చారు. చైను, టెన్షనరు, గైడ్లు, పళ్ళచక్రాలు, ఆయిలు సీలు, అన్నీ తెచ్చారు. "సరిపోతాయేమో చూడు," అన్నారు. నాతోనే అన్నారు.

ఇక అక్కణ్ణుంచీ నా చావు చూడాలి నువ్వు. తిరగేసిన డబ్బా మీద కూర్చుని, నేర్చుకునేవాడికి చెప్పినట్టు, "తొందరేం లేదు... ఆఁ, మెల్లగా... పక్కన చూసుకో..." చైన్ ఎక్కించేవాడికి పక్కన చూసుకోవడమేమిటి! నేనేం తక్కువ తినలేదు, ప్రతి బోల్టుకీ ఒక ఉపన్యాసం ఇచ్చాను. పళ్ళచక్రాల మీది గుర్తుల్ని ఇంజిన్ మీది గుర్తులకెలా కలపాలో, అన్నీ బిగించాక ఇంజిన్‌ని పానాతో, చేత్తో, నిండా రెండు చుట్లు ఎందుకు తిప్పాలో చెప్పాను. "అలా తిప్పి గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూడకుండా తాళం తిప్పేవాడు మెకానిక్కే కాదు" అని బల్ల గుద్ది మరీ చెప్పాను.

ఇంతసేపూ నీకు చెప్పకుండా నెట్టుకొచ్చింది ఇప్పుడు చెప్పాలి. ఎలా రాయాలో తెలియక పిల్లి గురించి కూడా రాశాను.

అంతా బిగించాను. మీ నాన్నగారు డ్రైవరు సీట్లో కూర్చున్నారు, తాళం పెట్టారు. పొద్దున గెలిచిన గెలుపు నా తలకెక్కి ఉంది. నా పనితనం ఆయన చెవులతో వినాలి, ఇప్పుడే వినాలి. చెయ్యెత్తి, "తిప్పండి మామయ్యా!" అన్నాను. చేత్తో తిప్పి చూడలేదు. ఒక్క చుట్టు కూడా.

ఆయన తాళం బయటికి తీసి జేబులో వేసుకున్నారు.

"చేత్తో తిప్పావా?"

"గుర్తులన్నీ కలిశాయి, నేను చూశాగా."

"అది నేనడగలేదు. తిప్పావా? ఇందాకణ్ణుంచీ చెవిలో జోరీగలా చెప్పావుగా."

మొహం గంటు పెట్టుకునే పానా అందుకున్నాను. రెండు చుట్లు తిప్పి చూద్దును కదా, కింద గుర్తు సరిగ్గా ఉంది, పైన కామ్‌షాఫ్టు చక్రం గుర్తు ఒక పన్ను వెనక ఉంది. చైన్ ఎక్కించేటప్పుడు వదులంతా టెన్షనర్ వైపు ఉంచాలి. నేను అవతలి పక్క కొంచెం వదిలేశాను, నోరు ఆడుతుంటే చెయ్యి చూసుకోలేదు. టెన్షనర్ నొక్కేసరికి పైచక్రం జరిగింది. ఆయన తాళం తిప్పి వేగం పెంచి ఉంటే వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోయేవి. ఆ ఇంజిన్‌తో పాటు మన రెండిళ్ళ మర్యాదా పోయేది.

చెప్పేశాను. "ఒక పన్ను తప్పింది. తప్పు నాదే," అన్నాను. నా జీవితంలో అంత పొట్టి ఉపన్యాసం ఇవ్వలేదు.

తిడతారని నిలబడ్డాను. ఆయన దిగొచ్చి, వంగి చాలాసేపు ఆ గుర్తులు చూశారు. "నా దగ్గర నేర్చుకునేవాళ్ళు పరీక్షలో ఎక్కడ పోతారో తెలుసా? మలుపులో కాదయ్యా. మలుపు దాటాక, అయిపోయిందనుకుంటారు చూడు, అక్కడ." దీపం చేతిలోకి తీసుకున్నారు. "విప్పు. వెలుగు నేను పడతాను. ఈసారి నోరు మూసుకుని చెయ్యి."

బోల్టక్క అవతల గదిలో పడీ పడీ నవ్వింది.

మళ్ళీ విప్పి, మళ్ళీ కట్టాం. రెండు చుట్లు తిప్పాను. నమ్మకం చాలక ఇంకో రెండు. పైగుర్తు, కిందగుర్తు రెండూ తమ చోట్లకే వచ్చాయి. అప్పుడు తాళం తిప్పారు. ఆ మోత నువ్వు వినాల్సింది! దడదడ లేదు, గలగల లేదు, నిద్రలేచిన పెద్ద జంతువు గొంతు సవరించుకున్నట్టుంది. మీ నాన్నగారు నన్ను పక్కన ఎక్కించుకుని నేరుగా కొండరోడ్డుకి పోనిచ్చారు. ఆయన తోలుడు నీకు తెలుసు, నాకు తెలీదు. రెండో మలుపులో నా వైపు బ్రేకు తొక్కేశాను.

"ఎవడయ్యా నిన్ను తొక్కమంది!" అని కారాపి అరిచారు.

"ఇంజిన్ బాగుచేసింది గుద్దుకోడానికి కాదు!" అని నేనూ అరిచాను. అంతలో ఆయనే మొదట నవ్వారు. పరుగు రోజు పక్కన నేనే కూర్చోవాలట. కాళ్ళు మాత్రం సీటు మీదికి మడిచిపెట్టుకోవాలట.

కాబట్టి నీ ప్రశ్నకి జవాబు: మన గదిలోనే దిగు. ఆయన భోజనానికి మనింటికే వస్తారు. నీ సెలవంతా ఆ ఇంజిన్ గురించి మేమిద్దరం అరుచుకోవడం వినాలి, దానికి మాత్రం సిద్ధపడి రా.

కవరు మీద మీ నాన్నగారి చేతిరాత చూసి కంగారుపడి ఉంటావు. నా రాత పోస్టుమాన్‌కి అర్థం కాదని చిరునామా ఆయనే రాశారు. లోపల ఏం రాశానో అడగలేదు. "తప్పుల్లేకుండా రాశావా?" అని మాత్రం అడిగారు.

ఇట్లు,
ఒకసారి తిరిగి చదువుకుని మరీ కవరు అంటిస్తున్న
నీ మొగుడు