గొర్రెలు ఎరిగిన గొంతు

జూన్ 10
కాదు, నాకేం కోపం లేదు. చెల్లె నయన చదువుకుంటే మంచిదే. నేను ఆరో తరగతిలోనే మానేశాను. దానికి గురుకులంలో తొమ్మిదికి సీటు వచ్చింది. గొర్రెల్ని ఎవరు కాయాలన్నదే ఇంట్లో లొల్లి. నాయిన రాత్రంతా ప్లాట్ల వెంచర్ దగ్గర వాచ్‌మన్, పగలు పడుకుంటాడు. నేను మేడ్చల్‌లో పంక్చర్ షాపులో. రెండేళ్లుగా సగం బడి ఎగ్గొట్టి నయనే కాస్తోంది.

జూన్ 11, సాయంత్రం
అమ్మ వాళ్ళ పొదుపు సంఘం మీటింగ్ మా వాకిట్లోనే పెట్టారు. లీడర్ సరళత్త నాయినను నిద్రలేపి కూర్చోబెట్టింది. సంఘం వాళ్ళే వంతులేసుకుని మందను కాస్తారట.
"నువ్వు పండుకోని లేసేసరికి మంద దొడ్లుంటది అన్నా. పిల్ల బడికి పోనీ."
నాయిన చాలాసేపు బీడీ వెతుక్కున్నాడు. ఒక్క గొర్రె పోయినా నయనను వెనక్కి తెస్తానన్నాడు. ఆడవాళ్ళు సరే అన్నారు. నయన నా వైపు చూసింది. నేను ఫోన్ చూసుకున్నాను.

జూన్ 13
నయన హాస్టల్‌కు పోయింది. ఇల్లు మామూలుగానే ఉంది.

జూన్ 18
గొర్రెలు మాట వినవట. అవి గొంతును గుర్తుపడతాయి. నయన నాలుక మడిచి "ద్రీ... హో" అని సాగదీస్తుంది. సంఘంలో తలా ఒక తీరు. ఎస్తేరు చిన్నమ్మ చర్చిలో పాడినట్టు పిలిస్తే మంద మొత్తం పడుకుందట. అమ్మ కూడా నవ్వింది.

జూన్ 24, రాత్రి
శామీర్‌పేట చెరువు దగ్గర మా మంద లింగం తాత మందలో కలిసింది. అమ్మ ఫోన్ చేస్తే షాపు నుంచి ఉరికాను. నాయిన అప్పటికే వచ్చి ఉన్నాడు.
మందలు కలిస్తే మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఇద్దరు చెరో దిక్కు నిలబడి పిలవాలి. ఏ గొర్రె ఎవరి దగ్గరికి నడిస్తే అది వాళ్ళదే.
లింగం తాత పిలిచాడు. మావి కూడా కొన్ని అటే కదిలాయి. అమ్మ పిలిచింది, సరళత్త పిలిచింది. నాయిన పిలిచినా కదల్లేదు, ఆయన గొంతు కూడా మరిచిపోయాయి.
"పిల్లను తోల్కరాపో," అన్నాడు నాయిన నాతో. "సదువు అయిపోయింది ఇగ."
నేను నలుగురిలో నోరు తెరవను. షాపులో కూడా తలూపుతాను అంతే. కళ్ళు మూసుకుని అచ్చం నయన లాగా, ఆడపిల్ల గొంతుతో పిలిచాను. తాత మనవళ్ళు పగలబడి నవ్వారు. మళ్ళీ పిలిచాను.
వచ్చాయి. మావన్నీ. కొన్ని నా వెనక ఎవరినో వెతికాయి.

జూన్ 26
"మాక్కూడ నేర్పు అల్లుడా," అంది సరళత్త. పొద్దున సంఘం మొత్తం వాకిట్లో వరసగా నిలబడి నయన లాగా అరిచింది. నాయిన దుప్పటి ముసుగేసుకున్నాడు. వద్దనలేదు.

జూలై 20
ఇప్పుడు ఎవరు పిలిచినా వస్తున్నాయి. దసరాకు నయన వస్తుందట. ఆమె పిలిస్తే, మా అందరిలో నిజమైన నయన ఎవరో వాటికి తెలుస్తుందంటారా?