నా ఒంటి సంగతి ముందు నాకే

ఆగస్టు 10, ఆదివారం

నా పేరు రాజవ్వ. వయసు డెబ్బై దగ్గర. ఉండేది కోరుట్ల. మా ఆయన లస్మయ్య లేడు. కొడుకు మల్లేశం మస్కట్‌లో, బిడ్డ పద్మ సిరిసిల్లలో. ఇంట్లో నేను, కోడలు లావణ్య. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే లావణ్య బడి తెలుగులో రాస్తోంది. అర్థం మారకుంటే చాలు.

ఇవాళ పోచమ్మకు బోనం. ఏటా నేనే ఎత్తుతాను. పొద్దున స్నానానికి పోతే బట్ట మీద మళ్లీ మరక కనబడింది... కొన్ని నెలలుగా ఇంతే. ఎవరికీ చెప్పలేదు. మనుషుల దగ్గర దాస్తాను, అమ్మవారి దగ్గర ఎట్లా దాచను? కుండ కోడలి చేతిలో పెట్టాను.

"నేను బయటున్న. ఈసారి నువ్వెత్తు."

"గిదేంది అత్తమ్మా! నీకు నిలిచిపోయి ఎన్నేండ్లాయె!"

"నిలిచింది మళ్లచ్చింది. నన్నేం జేయమంటవ్?"

ఆగస్టు 11

వంటింట్లోకి పోలేదు. వసారాలో చాప. ఒళ్లంతా బరువు. లావణ్య ముఖం మాడ్చుకుని అన్నం తెచ్చింది. ఇది ముట్టు కాదంటుంది. మరేందంటే తెలియదట. తెలియనిదానికి అంత కోపమెందుకో.

ఆగస్టు 13

లావణ్య తన సంగతి బయటపెట్టింది. నలభై ఐదు నిండాయి దానికి. ఒక నెలలో రెండుసార్లు, తర్వాత రెండు నెలలు అసలే లేదు. పడుకుంటే చెమటలు.

"నీకు ఆగేముందు ఎట్లుండె అత్తమ్మా?"

ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగని మాట. చెప్పాను — అట్లాగే. బీడీలు చుడుతుంటే ఉన్నట్టుండి ముఖం మండేది, రవిక తడిసిపోయేది. రెండు నెలలు తప్పేసరికి మా అత్త నేను కడుపుతో ఉన్నానని వాడంతా చెప్పి వచ్చింది. కడుపూ లేదు, కాకరకాయా లేదు. ఆగిపోతోంది, అంతే. నాకు అప్పుడు చెప్పినవాళ్లెవరు?

"నీది వయసుతోని మారుడు. అయినా ఓసారి చూపిచ్చుకో" అన్నాను.

"మరి నీది?"

ముట్టుకు ఆగేముందే పద్ధతి తప్పింది గానీ, అంతకుముందు ఒక వరస ఉండేది. దీనికి మొదటినుంచీ వరస లేదు. ఓసారి చుక్క, ఓసారి బట్టంతా, మళ్లీ చాలా రోజులు ఏమీ లేదు.

ఆగస్టు 18, సోమవారం

జగిత్యాల. దవాఖానకు బస్సులో నిలబడే పోయాం. మోకాళ్లు పోటు.

డాక్టరమ్మ చిన్న పిల్లలా ఉంది. మాట మాత్రం గట్టిది. "అవ్వా, ఆగిపోయి ఏడాది దాటినంక ఒక్క చుక్క కనబడ్డా అది నెలసరి కాదు. ఎందుకో చూడాలె."

"చెడ్డదా?"

"చానామందికి కాదు. నీకేందో చూడకుండ నేనెట్ల చెప్త?"

స్కానింగ్ చేశారు. గర్భసంచి లోపలి పొర మందంగా ఉందట. పరీక్షకు చిన్న ముక్క తీశారు. నొప్పి... లావణ్య చేయి పిసికేశాను, పాపం.

ముట్టు కాదట. అంటే ఆ బోనం నేనే ఎత్తుకోవాల్సింది.

ఆగస్టు 19

సిరిసిల్ల నుంచి పద్మ వచ్చింది. ముక్కు చీదుతూనే ఉంది. ఏడ్చేదుంటే తిరుగు బస్సెక్కమన్నాను. ఎక్కలేదు.

ఆగస్టు 21

మల్లేశం ఫోన్. అందరికీ వినబడేట్టు లావణ్య ఫోన్‌కు పెద్ద గొంతు పెట్టింది. నేను పక్కనే చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. వాడికి తెలియదు.

"రిపోర్టు అచ్చినంక నాకు పంపు. డాక్టర్‌తోని నేనే మాట్లాడ్త. అవ్వకేం చెప్పకుండ్రి, బుగులు పడ్తది."

పద్మ తలూపింది. "అన్న చెప్పింది నిజమే వదినా."

చేట పక్కన పెట్టాను.

"ఒరేయ్ మల్లేశం! గర్భసంచి నాదా, నీదా?"

ఫోన్ దగ్గరికి జరిగాను.

"నువ్వు అండ్లకెల్లి అచ్చినవ్ గని, అది నీది గాదు బిడ్డా."

"అవ్వా, గట్లగాదే..."

పెట్టెయ్యమన్నాను. రాయి లావణ్యా, ఇది మాత్రం ఒక్క ముక్క వదలకుండా రాయి. రిపోర్టులో ఏమున్నా డాక్టరమ్మ నా ముఖం చూసి నాకే చెప్పాలి. కోయాలంటే కోయాలో వద్దో నేను చెబుతాను. నా కొడుకు మంచివాడే. వాడికి నా తర్వాత తెలియాలి. ఇందుకు మీరిద్దరూ సాక్షులు.

"నేను సంతకం పెట్టనే అవ్వా. అన్న నాతోని మాట్లాడుడే బంద్ జేస్తడు" అంది పద్మ.

చేట మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాను.

ఆగస్టు 22

చుక్క లేదు. నిద్రా లేదు.

ఆగస్టు 25, సోమవారం

జగిత్యాల. దవాఖాన బల్ల మీద కూర్చుని రాయిస్తున్నాను. రిపోర్టు వచ్చిందట. నర్సు బయటికి వచ్చింది.

"రాజవ్వతోని మగోళ్లు ఎవ్వలన్న అచ్చిండ్రా?"

లావణ్య లేవబోయింది. కొంగు పట్టి కూర్చోబెట్టాను.

"రాజవ్వ అచ్చింది. సాలదా?"

నర్సు నన్ను చూసింది, తలుపు చూసింది. "ఆగు అవ్వా, మేడమ్‌ను అడుగుత" అని లోపలికి పోయింది.

పద్మ చేతిలో ఫోన్ మోగుతోంది. మల్లేశం. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. పద్మ దాన్ని బోర్లా పెట్టి, "పెన్నియ్యి వదినా" అంది.

నా వేలిముద్రకు సిరా డబ్బా చీటీలిచ్చే పిల్ల దగ్గర దొరికింది.

తలుపు తీశారు. నా పేరే పిలుస్తున్నారు... ఇక ఆపు లావణ్యా. లే.

రాజవ్వ నిశాని, ఎడమచేతి బొటనవేలు
సాక్షులు: లావణ్య, కోడలు
పద్మ, బిడ్డ