మూడో పూత కింద

గోదావరిఖని
28 మే 2009

అక్కకు వీరేందర్ రాసేది. ఇక్కడ మేమందరం బాగున్నాం. మందమర్రిలో నువ్వు, మేనల్లుడు సంపత్, మీ అత్తమ్మ బాగున్నారనుకుంటాను.

మొన్న మంగళవారం పగలు పదకొండు గంటల పది నిమిషాలకు, రంగుకు నా దగ్గర పెట్టిన మీ కారులో బావ చేతి అచ్చు మూడోసారి తేలింది. ఫోన్లో చెప్పే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను.

"లోపలి రంగుకు ఇన్ని రోజులా?" అని అడిగావు. నిజానికి నాలుగు రోజుల పని. డాష్‌బోర్డు, తలుపుల లోపలి వైపు సబ్బునీళ్ళతో కడిగి, థిన్నర్‌తో తుడిచి, వాటర్ పేపర్‌తో సన్నగా రుద్దాం. ప్లాస్టిక్ ఉన్నచోట ప్రైమర్ కొట్టాం. డాష్‌బోర్డు మీది వినైల్ తొడుగుకు మెత్తటి రంగే కొట్టాలి, గట్టిదైతే ఎండకు పగులుతుంది. నువ్వు చెప్పిన బూడిద రంగే తెచ్చాను.

20వ తేదీన మొదటి పూత వేశాం. ఆరేలోపే ముందు ఎడమ సీటు ఎదురుగా రంగు పక్కకు జరిగిపోయి, కింది నలుపు బయటపడింది. అరచెయ్యి, అయిదు వేళ్ళు. నాతో పనిచేసే ఎల్లేశం ముప్పై ఏళ్ళుగా కార్లకు రంగులు వేస్తున్నాడు.

"జిడ్డు చెయ్యి పెట్టినవా ఏంది? పొద్దున పూరీలు తిని కడుక్కోలేదా?" అని నవ్వాడు.

నా చెయ్యి పెట్టి చూపించాను. అచ్చు నా చేతికంటే వెడల్పుంది. ఉంగరపు వేలు సగమే ఉంది. గనిలో ఇనుప తాడు కింద బావకు పోయింది ఆ మిగతా సగమే. ఎల్లేశం నవ్వు ఆపేశాడు.

దీనికి కారణం ఉంది. బావ ప్రతి ఆదివారం డాష్‌బోర్డును పాలిష్‌తో తుడిచేవాడు. అది వినైల్‌లోకి దిగిందంటే పైన రంగు పట్టదు. కాని అలాంటప్పుడు చుక్కలు చుక్కలుగా విడుస్తుంది. చెయ్యిలాగా విడవడం నేను చూడలేదు. మొత్తం తుడిచి, 23న మళ్ళీ వేశాం. డాష్‌బోర్డు శుభ్రంగా వచ్చింది. ఈసారి ఎడమ తలుపు పిడి పక్కన తేలింది. ఎడమ చెయ్యి, నిండు వేళ్ళు. మంగళవారం మూడోది, హ్యాండ్‌బ్రేక్ పక్క ప్లాస్టిక్ మీద. మళ్ళీ కుడి చెయ్యి, సగం వేలు.

"మీ బావ ఇంక కారు దిగలేదు తమ్మీ. నేనైతె ఇగ రంగు కొట్టే గన్ను పట్ట" అని ఎల్లేశం ఇంటికి వెళ్ళిపోయాడు. ఇంకా రాలేదు.

నీ ఉత్తరంలో రెండో ప్రశ్న ఉంది. "నాయిన జాగల సంపత్‌కొచ్చిన కొలువు కాగితాలల్ల చూసిన. ఆయన పోయిన దినం మస్టర్ పడ్డది. మీరు సీదా దవాఖానకే పోతిరి గద, మరి హాజరు ఎవరు ఏసిండ్రు?" అని రాశావు. బావే వేశాడక్కా.

2007 డిసెంబరు 31. గుండెలో నొప్పి అంటే బావను తీసుకుని ఆరూ పదికి మీ క్వార్టర్ నుంచి దవాఖానకు బయలుదేరాను. చౌరస్తా దగ్గర బావ కుడి చెయ్యి డాష్‌బోర్డుకు అదిమిపెట్టి ఆపమన్నాడు.

"గని దిక్కు తిప్పు బామ్మర్దీ. ఇయ్యాల్టితోని ఏడాది ఒడుస్తది. ఏడాది లెక్కకు ఒక్క మస్టర్ తక్కువున్నది. పేరు కొట్టేస్తె రేపు నా జాగల పోరనికి కొలువేముంటది?"

"ముందు దవాఖాన, బావా."

"దవాఖాన యాడికన్న పోతదా? మస్టర్ పోతది. జల్ది తిప్పు."

తిప్పాను. గని గేటు దగ్గర తలుపు పిడి పట్టుకుని లేచాడు. అప్పుడు ఆరూ నలభై ఒకటి. పదకొండు నిమిషాలకు తిరిగి వచ్చి కూర్చున్నాడు. హ్యాండ్‌బ్రేక్ మీదున్న నా చేతిని కుడి చేత్తో పట్టుకుని "పడ్డది" అన్నాడు. మళ్ళీ మాట్లాడలేదు. గేరు మార్చడానికి ఆ చేతిని నేనే విడిపించాను.

సెలైన్ ఎక్కిస్తుండగా పోయాడని నీకు చెప్పింది అబద్ధం. దవాఖానకు చేరేసరికే ప్రాణం లేదు. దవాఖాన కాగితాలన్నీ నేనే తెచ్చి నా దగ్గరే ఉంచుకున్నాను. చౌరస్తా నుంచి దవాఖానకు నాలుగు నిమిషాల దారి.

డాష్‌బోర్డు, తలుపు, హ్యాండ్‌బ్రేక్. ఆ పొద్దు జరిగిన వరసలోనే అచ్చులు తేలాయి. ఆ వరస నాకు తప్ప ఎవరికీ తెలియదు. మూడో అచ్చు కింద ఇంకో చెయ్యి అంచు కనిపిస్తోంది. నా ఎడమ చెయ్యి పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది.

నాలుగో పూత వెయ్యలేదు. ఆదివారం పదింటికి కారును, దవాఖాన కాగితాలను మందమర్రికి తెస్తాను. సంపత్ కంటే ముందు నువ్వు లోపల చూడు. వాణ్ణి గనికి ఆ కారులో పంపాలో బస్సులో పంపాలో నువ్వే చెప్పాలి. సోమవారం వాడు కొలువులో చేరే రోజు, మొదటి షిఫ్టు. మస్టర్ ఆరున్నరకు మొదలవుతుంది.

ఇట్లు,
ఆ రోజు కారు తిప్పిన
నీ తమ్ముడు వీరేందర్