బాయిలర్ నిచ్చెన

సోమవారం, ఇస్నాపూర్

గౌటు వాతంతో ఉబ్బిన కాలి బొటనవేలు తగ్గి నాలుగు రోజులైంది. వాపు దిగింది కాబట్టి పాదాన్ని మెల్లగా తిప్పమని, నొప్పి పుడితే ఆపమని డాక్టరు చెప్పాడు. పొద్దున మంచం మీద కూర్చుని తిప్పుతుంటే నా భార్య, "ఏందయ్యా, కాలుతోని పిండి రుబ్బుతున్నవా?" అని నవ్వింది. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ అన్న మాట ఆమెకు చెప్పలేదు. నేను బాయిలర్ నిచ్చెన ఎక్కలేకపోతే, సర్టిఫికెట్ ఉన్న మనిషిని పెడతారట. నేను పని చూసి నేర్చుకున్నవాణ్ని. నా దగ్గర ఏ కాగితమూ లేదు.

ఇవాళ అందరూ చూస్తుండగా ఎక్కాను. దిగబోతే వేలు భగ్గుమంది. పైనే కూలబడి, బూటు విప్పి, పాదం మెల్లగా తిప్పుతూ ఉండిపోయాను.

"ఏం మల్లేశ్, ఆడనే కాపురం పెడ్తవా?" ఫోర్‌మన్ కింది నుంచి అరిచాడు.

"మీటర్ చూస్తున్న సార్."

మీటర్ కిందే ఉంది, సరిగ్గా అతని ముందు. అతను దాన్ని ఓసారి చూసి వెళ్లిపోయాడు. అందరూ అన్నానికి వెళ్లాక, బరువంతా చేతుల మీద వేసి దిగాను.

సాయంత్రం గేటు దగ్గర ఫోర్‌మన్, "రేపటి సంది వాచ్‌మన్ కుర్చీల కూసో, అన్నా" అన్నాడు మెత్తగా.

ఇన్నేళ్లలో అతను నన్ను అన్నా అనడం ఇదే మొదటిసారి.