ముల్లు చివర చీలిక

అక్కా,

రేపు నీ సంవత్సరీకం. సెంటినరీ కాలనీలో మన బొగ్గు గని క్వార్టర్‌లో అమ్మ పొద్దున్నుంచీ సామాన్లు సర్దుతోంది. నాకే ఒకచోట కాలు నిలవడం లేదు.

బొగ్గు కోసం వేసిన బోరు రాతిలో నీకు దొరికిన ఆ సముద్రపు సూక్ష్మజీవి శిలాజం గుర్తుందా? దాని ముళ్ళ చివరలు రెండుగా చీలాయి కాబట్టి కొత్త జాతేనని నువ్వు, అవి విరిగిన ముళ్ళని మన పరిశోధన గైడు సారు. ఒక్క శిలాజంతో ఏదీ తేలలేదు. దవాఖానలో పడుకుని కూడా దాని గురించే అడిగావు.

నువ్వు పోయాక మిగిలిన రాయంతా ఆమ్లంలో కరిగించి, మైక్రోస్కోపు కింద స్లైడు తరవాత స్లైడు వెతికాను. నిద్ర పట్టేది కాదు. చివరికి అలాంటివే మరికొన్ని దొరికాయి. అన్నిటికీ అదే చీలిక! సారు చాలాసేపు చూసి, "సరళ చెప్పిందే నిజం" అన్నారు. ఇవాళ మన వ్యాసం పత్రికలో అచ్చయింది.

ఫోన్‌లో అందులోని శిలాజం బొమ్మ అమ్మకు చూపించాను.

"దీనికి అక్క పేరే పెట్టిన అమ్మా."

అమ్మ దాన్ని వేలితో నిమిరింది.

"పిలిస్తె పలుకుతదా బిడ్డా?"

చెప్పులేసుకుని కాలనీ అంతా తిరిగొచ్చాను. అమ్మ ఇంకా నా ఫోన్ పట్టుకునే కూర్చుంది.

నీ చెల్లె